లేబుల్ మీద ఇంకో పేరుకి చోటుంది

లారా వియర్ గారికి,
చీఫ్ ఎగ్జిక్యూటివ్, బ్రిటిష్ ఫ్యాషన్ కౌన్సిల్, లండన్.



కొత్త డిజైనర్లకి అండగా మీ కౌన్సిల్ 1993 నుంచి నడుపుతున్న న్యూజెన్ పథకంలో ఒక షరతు కొత్తగా చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం. చేత్తో నేసిన బట్టని గానీ, చేత్తో అద్దిన బట్టని గానీ వాడే డిజైనరు ఎవరైనా సరే, అది ఏ ఊళ్లో ఎవరి చేతుల మీదుగా తయారైందో షో నోట్సులో రాయాలి, లేబుల్ మీద కుట్టాలి. అంతే. డబ్బు అడగడం లేదు, అవార్డు అడగడం లేదు. నేతగాళ్లని వేదిక మీదకి పిలిచి దండలు వేసి ఫొటోలు తీయమని అసలే అడగడం లేదు.

ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి విడిగా పంపిస్తున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడం ఎందుకంటే, మీకు చెప్పే మాటల్లో సగం మావాళ్లకీ తగిలేవే. ఊరందరినీ అడిగే ముందు ఇంట్లోవాళ్లకి కూడా వినబడేలా అడగడం మర్యాద.

నేను లండన్ వాల్తమ్‌స్టోలో ఇంటి వెనక గదిలో బట్టలు కుట్టి అమ్ముకుంటాను. చొక్కాలు, గౌన్లు, పొడుగు కోట్లు. మీ ఫ్యాషన్ వీక్ స్థాయి కాదు. శనాదివారాల్లో మార్కెట్లో ఒక బల్ల, మిగతా రోజుల్లో చెప్పి కుట్టించుకునేవాళ్లు. పుట్టింది మంగళగిరిలో, మగ్గం ఉన్న ఇంట్లో. ఇప్పటికీ నా బట్టలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది.

బట్ట కత్తిరించే ముందు ఏం చూస్తానో చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా ఆ బల్ల మీదే ఉంది. తాను విప్పి పరిచాక మొదట అంచు చూస్తాను. గుంట మగ్గం మీద దిగిన బట్ట అంచు పొడవునా సూదిమొన దిగిన గుర్తులు వరసగా ఉంటాయి. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకుపోకుండా రెండు కొసలా ముళ్లున్న కర్రని అడ్డంగా గుచ్చి బిగించి పెడతారు. నేత ముందుకి జరిగే కొద్దీ దాన్ని పీకి మళ్లీ గుచ్చుతారు. తర్వాత బట్టని కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తాను. ఎక్కడో ఒకచోట పేక కాస్త ఒత్తుగా పడి, ఆ పక్కనే వెంట్రుకవాసి వదులై, అడ్డంగా సన్నటి గీత కనిపిస్తుంది. అక్కడ నేతగాడు మగ్గం దిగాడన్నమాట. అన్నానికి లేచాడో, కరెంటు పోయి చీకటైందో, ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్లొచ్చాడో. తిరిగొచ్చి కూర్చుని పలక లాగిన మొదటి దెబ్బలో చేతి బరువు ఇందాకటిది కాదు.

మిల్లు బట్టలో ఆ గీత కనబడితే లోపమని పక్కన పడేస్తారు. కత్తెర ఎక్కడ పెట్టాలో నాకు చెప్పేది మాత్రం అదే. ఒక్కోసారి దాన్ని భుజం కుట్టులోకి పోనిస్తాను. ఒక్కోసారి కావాలనే వీపు మధ్యకి తెస్తాను. అంచుని ఎప్పుడూ కోసి పారేయను. మంగళగిరి బట్టకుండే నిజాం అంచు చొక్కా ముందు పట్టీ అవుతుంది, లేకపోతే చేతుల చివర అవుతుంది. మడత కుట్టు పని తప్పుతుంది కూడా. కోటు వీపు ఎంత వెడల్పుండాలి, గౌను ఎన్ని ముక్కలుగా రావాలి అనేది బట్ట పన్నాని బట్టి తేలుతుంది. బొమ్మ గీసి ఆ తర్వాత బట్ట వెతుక్కోవడం నాకు చేతకాదు. లోపల లైనింగ్ వేయను. ఆ నేత వెనకవైపు కూడా చూడదగ్గదే.

మార్కెట్లో జనం నా బల్ల దగ్గర ఆగి "మీ స్టైల్ బావుంది" అంటారు. ఏది బావుందని అడిగితే చూపించేది ఆ అంచుని, వీపు మీద ఆ గీతని, బట్ట ఒంటి మీద జారే తీరుని. అందులో ఎక్కువ భాగం నేను పుట్టించింది కాదు. మంగళగిరిలో పడుగు సాగదీసి గంజి పట్టించినవాళ్లది, అచ్చు కట్టినవాళ్లది, నేసినవాళ్లది. నేను చేసిందల్లా వాళ్లు ఇచ్చినదాన్ని పాడు చేయకుండా కుట్టడం. ఇది వినయానికి చెప్తున్న మాటనుకోకండి. నా కత్తెర మీద నాకు గర్వమే ఉంది. కానీ నా పేరొక్కటే కుట్టిన లేబుల్ మగపెళ్లివారి పేర్లు మాత్రమే అచ్చేసిన శుభలేఖ లాంటిది.

కాబట్టి నేనడిగే షరతు దయాదాక్షిణ్యాల విషయం కాదండీ. కర్తృత్వం విషయం. ఎవరు చేశారో వాళ్ల పేరు.

మీ దేశానికి ఇది కొత్తా అంటే అదీ కాదు. స్కాట్లాండు పడమటి దీవుల్లో నేసే హ్యారిస్ ట్వీడ్‌కి ఉన్నంత రక్షణ బహుశా ప్రపంచంలో ఏ చేనేతకీ లేదు. దాని ఆర్బ్ ముద్ర ట్రేడ్‌మార్కుగా నమోదై నూరేళ్లు దాటింది. అది చాలదన్నట్టు 1993లో బ్రిటిష్ పార్లమెంటు హ్యారిస్ ట్వీడ్ చట్టమే చేసింది. ఆ చట్టం ప్రకారం ఔటర్ హెబ్రిడీస్ అనే ఆ దీవుల్లోనే రంగు వేసి, అక్కడే వడికిన కొత్త ఉన్నితో, ఆ దీవులవాళ్లు తమ ఇళ్ల దగ్గరే చేత్తో నేసి, అక్కడే ఫినిషింగ్ చేసిన బట్టకి మాత్రమే ఆ పేరు చెల్లుతుంది. కాళ్లతో తొక్కే మగ్గాలు వాడతారు. కరెంటు మగ్గం పనికిరాదు. నేసింది ఫ్యాక్టరీలోనైతే పనికిరాదు. తనిఖీ చేసి బట్ట వెనకవైపు ముద్ర వేస్తారు. నేత జరిగే చోటు "ఇల్లు" అయ్యుండాలని చట్టంలో రాసుకున్న దేశం ఇది. మొదటిసారి చదివినప్పుడు మంగళగిరిలో మా ముందుగదిలో ఉన్న గుంట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎక్కడో అట్లాంటిక్ గాలి కొట్టే దీవిలోనూ మావాళ్ల లాంటివాళ్లే ఉన్నారు, వాళ్లకి చట్టం ఉంది.

ఆ పేరు పక్కన ఉంటే డిజైనరు పేరు తగ్గుతుందా? వివియన్ వెస్ట్‌వుడ్ గారి సంగతే చూడండి. 1987 చలికాలానికి చేసిన కలెక్షన్‌కి ఆవిడ పెట్టిన పేరే హ్యారిస్ ట్వీడ్. తన పేరు కాదు, ఏ రాణి పేరూ కాదు, బట్ట పేరు. ఆ తర్వాత కూడా ఆ బట్టని ఆవిడ వదల్లేదు. 2022 చివర్లో ఆవిడ పోయినప్పుడు బ్రిటన్‌లో ఎవరికీ లొంగని డిజైనరని అందరూ రాశారు. దీవుల నేతగాళ్ల పేరు పక్కన పెట్టుకున్నందుకు ఆ పేరుకి ఏ లోటూ రాలేదు. కొనేవాళ్లు కూడా రెండు పేర్లకీ కలిపే డబ్బిచ్చారు.

ఇప్పుడు మా తీరం సంగతి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచింది. మద్రాసు, కలకత్తా లాంటి మాటలు ఎవరూ అనుకోకముందు సంగతి. మచిలీపట్నం చుట్టుపక్కలా, కోరమాండల్ తీరం పొడవునా అద్దకపు బట్ట తయారయ్యేది. మీరు చింట్జ్ అంటారు, మావాళ్లు చీటి గుడ్డ అనేవాళ్లు. మిరియాల కోసం ఇండోనేషియా దీవులకి వెళ్తూ అక్కడ మార్చుకోవడానికి కొన్న సరుకది. తర్వాత లండన్ దొరసానులే దానికి అలవాటు పడ్డారు. ఎన్నిసార్లు ఉతికినా వెలవని రంగు అప్పటికి యూరప్‌లో నూలు బట్ట మీద వేయడం ఎవరికీ తెలీదు.

ఎలా వేసేవాళ్లో మచిలీపట్నం పక్కన పెడనలో ఇవాళ కూడా చూడొచ్చు. బట్టని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండేస్తారు. పాలలోని కొవ్వు వల్ల తర్వాత వేసే రంగు గీత దాటి పాకదు. ఈ దశలో బట్టకి పచ్చిపాల వాసన, వగరు వాసన కలిసి కొడుతుంది. బాగుంటుందని చెప్పలేను. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన నీళ్లలో అచ్చుని తడిపి బట్ట మీద ఒత్తుతారు. చెక్క ఎత్తేసరికి ఆ ఇనుప నీళ్లు తగిలిన చోటల్లా నల్లగా తేలుతుంది. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఏమీ కనిపించదు. పారే నీళ్లలో జాడించి, రాగి గంగాళంలో వేరు వేసి ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్నంత మేరా ఎరుపెక్కుతుంది. ఒకప్పుడు దీనికి చిరివేరు వాడేవాళ్లు, ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్. ఏ పువ్వు ఎక్కడ ఎర్రబడుతుందో ఉడికే దాకా కంటికి కనబడదు. అద్దినవాడికి మాత్రం ముందే తెలుసు. దీన్ని పట్టుకుని ఇందులో డిజైనరు ఎవరు, కూలి ఎవరు అని విడదీయమంటే నాకు చేతకాదు.

ఆ బట్ట మీద మీ దేశం చేసిన చట్టాలు వేరే రకం. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు నేసేవాళ్ల, దేశంలో ఉన్ని నేసేవాళ్ల పొట్ట కొడుతోందని 1700లో పార్లమెంటు అద్దకపు బట్టల దిగుమతిని ఆపేసింది. అది చాలక 1719లో నేతగాళ్లు వీధులకెక్కి, అద్దకపు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల ఒంటి మీంచే వాటిని చింపేశారు. 1721లో అలాంటి బట్ట కట్టుకోవడమే నేరమైంది. ఆ చట్టం 1774 దాకా ఉంది. ఆ నేతగాళ్ల మీద నాకు కోపం లేదు. మిల్లు బట్ట వచ్చి మగ్గాలు ఆగిపోయినప్పుడు మావాళ్ల కడుపు మంట కూడా అలాంటిదే. ఇప్పుడు అదే స్పిటల్‌ఫీల్డ్స్ మార్కెట్లో వారాంతం సొంతంగా బట్టలు చేసే కుర్రవాళ్ల బల్లలు బోలెడు. అచ్చు అద్దకం గౌను లేని బల్ల వెతుక్కోవాలి. దాని మీద "హ్యాండ్ బ్లాక్ ప్రింట్" అని ఉంటుంది. పెడన అని గానీ, బగ్రూ అని గానీ ఉండదు.

ఇంకో పుస్తకం సంగతి చెప్పాలి. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఇండియా ఆఫీసు ఉద్యోగి ఇండియాలో జనం కట్టుకునే బట్టల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటాలుగా అంటించాడు. అలాంటి సెట్లు 20 తయారు చేస్తే 13 బ్రిటన్‌లోని ఊళ్లకి, 7 ఇండియాకి వెళ్లాయి. ఉద్దేశం దాచుకోలేదు. మాంచెస్టర్ లాంటి చోట్ల మిల్లువాళ్లు వాటిని చూసి అలాంటివి చేసి మా జనానికే అమ్ముకోవాలని. ఆ నమూనాల పక్కన ఏ ఊళ్లో దొరికిందో ఉంటుంది, కొలతలూ తూకమూ ఉంటాయి, ధర ఉంటుంది. నేసినవాడి పేరు లేదు, అది ఆశించలేం. కానీ ఊరుంది కదా! మా బట్టని నకలు కొట్టడానికి వచ్చిన దొర రాసుకున్న ఊరు పేరు, మా బట్టని ప్రేమించి కొంటున్న ఇవాళ్టి లండన్ లేబుల్ మీద లేదు.

చట్టం అడగదు మరి. 2012 నాటి టెక్స్‌టైల్ లేబులింగ్ నిబంధనల ప్రకారం బట్టలో ఏ పీచు ఎంత శాతమో రాసి తీరాలి. "100 శాతం పత్తి" అని రాస్తే చాలు. ఏ దేశంలో తయారైందో కూడా ఇక్కడ తప్పనిసరి కాదు, కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించకపోతే సరి. కిందటేడు కాబోలు, ఒక దుకాణంవాళ్లు (పేరెందుకు లెండి) నా కోట్లు కొన్ని తీసుకుంటామన్నారు. మంచి మనుషులే. కాకపోతే లోపల కుట్టిన "మంగళగిరి" ముక్క తీసేసి "భారతదేశంలో చేతితో తయారైనది" అని పెట్టమన్నారు. కస్టమర్లకి నోరు తిరగదట. అదే వీధిలో నాలుగు గుమ్మాల అవతల వైను కొట్టు ఉంది. అక్కడ "షాటోనెఫ్ దు పాప్" అని అడిగి కొనుక్కునే నోళ్లు మంగళగిరి దగ్గర ఎందుకు మడతపడతాయో నాకు అంతుపట్టలేదు. కోట్లు వెనక్కి తెచ్చేసుకున్నాను.

మిమ్మల్నే ఎందుకు అడగాలి? షరతులు పెట్టడం మీకు తెలుసు కాబట్టి. 2018లో లండన్ ఫ్యాషన్ వీక్ జంతువుల బొచ్చు లేకుండా జరిగింది. పెద్ద ఫ్యాషన్ వీక్‌లు జరిగే నాలుగు నగరాల్లో మీదే మొదటిది. కోపెన్‌హేగన్ ఫ్యాషన్ వీక్ వాళ్ల పర్యావరణ నియమాల్ని న్యూజెన్ డిజైనర్లకి వర్తింపజేస్తామని మీ కౌన్సిల్ 2025లో ప్రకటించింది. మీరు బాధ్యత తీసుకున్నాక షో చేసే సభ్యుల దగ్గర తీసుకునే ఫీజు కూడా ఎత్తేశారు, చిన్నవాళ్లకి అదెంత ఊపిరో నాకు తెలుసు. పర్యావరణానికి ఏం చేస్తున్నారని అడుగుతున్నారు. చేతులు ఎవరివి అనే ప్రశ్న కూడా ఆ కాగితంలోనే ఒక గడి. మెక్వీన్ లాంటివాళ్లు తొలి మెట్టు ఎక్కింది న్యూజెన్ మీదుగానే. అక్కడ అలవాటైన పద్ధతి పదేళ్లలో పెద్ద బ్రాండ్ల దాకా పాకుతుంది.

బట్ట వెనకున్న చేతుల దాకా చూడటం జరగని పని కాదని ఇక్కడి డిజైనర్లే కొందరు చూపించారు. ప్రియా అహ్లువాలియా గారు చదువుకునే రోజుల్లోనే, బ్రిటన్‌లో జనం వదిలేసిన బట్టలు లాగోస్‌లో, పానిపట్‌లో ఏమవుతున్నాయో వెళ్లి చూసి, 2018లో ఆ ఫొటోలతో పుస్తకమే వేశారు. 2021లో రాణి పేరిట మీరిచ్చే అవార్డు ఆవిడకే ఇచ్చారు. ఆశిష్ గుప్తా గారి తళుకుల బట్టల ప్రదర్శన 2023లో మా వాల్తమ్‌స్టోలోనే, విలియం మారిస్ గ్యాలరీలో పెట్టారు. ఒక్కొక్క తళుకూ ఇండియాలో చేత్తో కుట్టిందే. ఆ గౌన్ల ముందు నిలబడితే మొదట వచ్చే ఆలోచన "ఎంతమంది, ఎన్ని రోజులు" అనే. ఆ ప్రశ్నకి జవాబు పక్కన గోడ మీద పేర్లుగా ఉంటే చూసేవాళ్ల సంతోషం తగ్గదు.

ఇక మీ ఆఫీసులో వచ్చే అభ్యంతరాలు. అవి చిన్నవి కావు, నాకూ తెలుసు.

డిజైనరు లండన్‌లో ఏజెంటు దగ్గర కొంటాడు. ఏజెంటు ఢిల్లీ ఎగుమతిదారు దగ్గర, అతను హైదరాబాదు వ్యాపారి దగ్గర, అతను మాస్టర్ వీవర్ దగ్గర. మాస్టర్ వీవరు నూలిచ్చి, డిజైనిచ్చి, నేసిన బట్ట తీసుకుని మజూరీ లెక్కకట్టి ఇస్తాడు. ఇన్ని చేతులు మారాక అసలు చేతులు ఎవరివో ఎలా కనుక్కోవడం? కనుక్కోవడం కష్టమే. కష్టం కాబట్టే అడగాలి. అడిగేవాళ్లు లేనంతకాలం మధ్యలో ఎవరైనా ఆర్డరుని మరమగ్గానికి మళ్లించి చేనేత ధర వసూలు చేయొచ్చు. ఊరు, ఇల్లు కాగితం మీదకి వచ్చాక అది అంత తేలిక కాదు. పేరు వల్ల నేతగాడికి కీర్తి వస్తుందో రాదో గానీ, తన పనిని దొంగిలించడం కష్టమవుతుంది. "పేరు కూడు పెడుతుందా?" అని మా నాన్నే అనేవాడు. తిన్నగా పెట్టదు. కానీ పేరు లేని పనికి మజూరీ పెంచమని ఎవర్ని అడగాలి?

ఎవరి పేరు రాయాలన్నది ఇంకో చిక్కు. ఒక మగ్గం ఒక్కడి పని కాదు. ఇండియాలో 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం ఈ పనిలో ఉన్నవాళ్లు 35 లక్షల 22 వేల మంది, వాళ్లలో 70 శాతం పైగా ఆడవాళ్లు. అయినా నేతగాడు అనగానే మగాడి ముఖమే గుర్తొస్తుంది. మా అమ్మ తెల్లవారుజాము నుంచీ రాట్నం మీద కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది, పడుగు సాగదీసే రోజున వీధిలో ఒక కొస ఆవిడే పట్టుకునేది. నాన్న చేతికి నాడె అందే లోపు సగం పని అయిపోయేది. ఆవిడ పేరు ఏ సొసైటీ పుస్తకంలోనూ లేదు. పోచంపల్లి వైపు ఇంకా ఘోరం. ఇక్కత్‌కి ముడులు కట్టే ముందు ఆసు పోయాలి. ఒక్క చీర నూలుకే చేతిని మేకుల చుట్టూ వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి ఆవిడ పేరే పెట్టాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం లేకపోతే ఆ తల్లి పేరు ఎవరికి తెలిసేది? అందుకని మగ్గానికి ఒక ఇంటి పేరు, వాళ్లకి ఇష్టమైతే ఇంట్లో పనిచేసే అందరి పేర్లు. ఇష్టం లేదంటే బలవంతం వద్దు, ఊరు చాలు. ముఖం ఫొటో మాత్రం వద్దు. ముడతల ముఖం, బోసినవ్వు, వెనకాల మగ్గం ఉన్న ఆ ఫొటోలు చూసి చూసి విసుగొచ్చింది.

ఆలస్యం చేయొద్దని ఎందుకంటున్నానంటే, బ్రిటన్, ఇండియా 2025 జూలై 24న వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం బట్టల మీద 12 శాతం దాకా ఉన్న సుంకం సున్నా అవుతుంది. మంచిదే. కానీ తలుపు తెరిస్తే గుంట మగ్గం బట్టా వస్తుంది, దాని వేషం వేసుకున్న మరమగ్గం బట్టా వస్తుంది. ఇక్కత్ గళ్లని కంప్యూటర్లో గీసి గంటకి వందల మీటర్లు అచ్చు కొట్టే మిషన్లున్నాయి. లండన్ కొనుగోలుదారుకి తేడా తెలియాలంటే లేబుల్ తప్ప వేరే గురువు లేడు.

ఇప్పుడు మావాళ్లతో రెండు మాటలు. ఈ కాస్త చోటు మీరు ఇవ్వాలి, లారా గారూ.

హౌన్‌స్లోలో, ఈస్ట్‌హామ్‌లో, రెడింగ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉగాదికీ బతుకమ్మకీ చీరలు కట్టుకుని కలుసుకునే అక్కలూ చెల్లెళ్లూ, పుట్టింటి నుంచి వచ్చిన చీర చూపించి "గద్వాలు", "ఉప్పాడ" అని ఊరు పేరు మనమే గర్వంగా చెప్తాం. బ్రిటన్‌లో చదువుకున్న డిజైనర్లకి లేని అలవాటు మన నాలుక మీద ఉంది. కానీ ఎవరు నేశారని మనలో ఎవరం అడిగాం? ఇక్కత్ ముద్ర కొట్టిన పాలియెస్టరుని "పోచంపల్లి"గా అమ్మేది కూడా మనవాళ్లే, కొనేదీ మనమే. "మహానటి" సినిమాకి జాతీయ అవార్డు వచ్చినప్పుడు దుస్తులకి ముగ్గురు డిజైనర్ల పేర్లు ప్రకటించారు, న్యాయమే. ఆ చీరలు నేసినవాళ్లు ఎవరని మన పత్రికలు వెళ్లి వెతకాల్సింది. పేర్లున్నవాళ్లు లేరనుకోకండి. తేలియా రుమాలు పనికి పుట్టపాక గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ ఇచ్చారు. మన పిల్లలకి డిజైనరు సబ్యసాచి తెలుసు, గోవర్ధన గారు తెలీదు. ఇక్కడి కుర్ర డిజైనరు "ఇండియా కాటన్" అని రాస్తే చిరాకు పడే ముందు, మనం బేరమాడుతూ ఎవరి మజూరీలోంచి తగ్గించమంటున్నామో కూడా చూసుకోవాలి.

లారా గారూ, మళ్లీ మీ దగ్గరికి వస్తున్నాను. షరతు ఎలా రాయాలో కూడా చెప్పి ముగిస్తాను, లేకపోతే "మంచి సూచన, పరిశీలిస్తాం" అనే జవాబు వస్తుంది. షో నోట్సులో ప్రతి చేనేత, చేతి అద్దకం బట్టకీ ఒక వరస: ఏ రకం మగ్గం, ఏ ఊరు, ఏ ఇల్లు లేదా ఏ సొసైటీ, మీటరుకి నేతగాడికి ముట్టింది ఎంత. చివరి అంకె దగ్గర అందరూ గొంతు సవరించుకుంటారు. సవరించుకోనివ్వండి. డిజైనరుకి తెలియకపోతే "తెలియదు" అని అచ్చు వేయాలి, ఖాళీ వదలకూడదు. రెండు సీజన్లు అలా "తెలియదు" అని అచ్చైతే మూడో సీజనుకి ఎవరో ఒకరు విమానమెక్కి పెడన వెళ్తారు, లేదా కనీసం ఫోనెత్తుతారు. లేబుల్ మీద మాత్రం ఊరు, ఇంటి పేరు చాలు, అంకె అక్కర్లేదు.

నా బట్టల మీద ఈ పద్ధతి ఇప్పటికే ఉంది. మెడ వెనక నా పేరు, దాని కింద అదే సైజు అక్షరాల్లో మంగళగిరిలో నేసిన ఇంటివాళ్ల పేరు. వాళ్లకి పంపించిన మొదటి ముక్క చూసి, తమ ఇంటి పేరులో ఒక అక్షరం తప్పు పోయిందని ఫోన్ చేశారు. దిద్ది కొత్తవి నేయిస్తున్నాను. మీ సెప్టెంబరు ఫ్యాషన్ వీక్ నాటికి అవి వచ్చేస్తాయి, కావాలంటే ఒకటి తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
వాల్తమ్‌స్టోలో కుట్టుపని చేసుకునే ఒక మంగళగిరి ఆడపడుచు